చివరి వ్యాగన్ దాటేదాకా

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇందులో నా పెట్టె ఏదిరా?"

పదకొండేళ్లుగా నేను తీసిన గూడ్సు బండ్ల ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాక మావయ్య అడిగిన ప్రశ్న ఇది. ఆయన ముప్పై మూడేళ్లు గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పెట్టె అంటే బ్రేక్ వ్యాను. బండి చిట్టచివర, రెండు కొసలా చిన్న వరండాలున్న ఇరుకు గది. నేను మళ్లీ మొదటి ఫోటో నుంచి వెతికాను. మలుపు తిరుగుతున్న ఇంజన్, వంతెన మీద ఇంజన్, వానలో ఇంజన్, మంచులోంచి వస్తున్న హెడ్‌లైటు. ఇంజన్ వెనక ఆరేడు వ్యాగన్లు కనబడతాయి. ఆ పైన మసకబారిపోతాయి, లేదా ఫ్రేము అయిపోతుంది. బ్రేక్ వ్యాను ఒక్క దాంట్లోనూ లేదు.

ఆయన నిష్ఠూరంగా అడగలేదు. పెళ్లి ఫోటోల్లో మనల్ని మనం వెతుక్కున్నట్టు వెతుక్కున్నారు, అంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారాంతంలోనే ఆయన్ని కారులో ఎక్కించుకుని బండ్ల వెంట బయల్దేరాను. ఆ ఒక్క రోజులో నాకు గట్టిపడిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. గూడ్సు బండ్లను ఫోటో తీస్తామని చెప్పుకునే మనలో చాలామందిమి బండిని తీయడం లేదు, ఇంజన్‌ని తీస్తున్నాం. ఇది చిన్న పొరపాటు కాదు.

తెల్లవారకముందే మలుపు దగ్గరికి చేరుకున్నాం. ఒంటి లైను. కట్ట కింద, రైల్వే హద్దురాయికి ఇవతల, లైను వంపు తిరగడం స్పష్టంగా కనిపించే చోట నిలబడ్డాం. ప్యాసింజర్ బండి కోసం వచ్చేవాడికి టైమ్‌టేబుల్ ఉంటుంది. గూడ్సు కోసం వచ్చేవాడికి సిగ్నలే దిక్కు. దూరాన ఎర్రగా ఉన్న దీపం ఆకుపచ్చకి మారిందంటే ఎక్కడో ఎవరో ఒక బండికి దారి ఇచ్చారన్నమాట. అక్కణ్నుంచి ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఈ ఎదురుచూపు నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు. వెలుతురు ఎటు నుంచి పాకుతోందో, గాలి ఎటు తిరిగిందో, ఏ స్లీపరు మీద ఫోకస్ పెట్టుకోవాలో చూసుకుంటూ ఉంటే గంట గడిచిపోతుంది.

మొదటి బండి వచ్చేసరికి లెన్సు మీద తేమ పట్టి ఉంది. కారులోని చల్లదనంలోంచి ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే అంతే. తుడుచుకుని కంటికి ఆనించేలోపు ఇంజన్ మలుపులోకి వచ్చేసింది. నాలుగు ఫ్రేములు తీశాను. ఇంజన్ నన్ను దాటింది. నా చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నారు మావయ్య.

నేను కెమెరా తెరమీద తీసిన ఫోటోలు చూసుకుంటున్నాను. ఆయన బండిని చూస్తున్నారు. ఖాళీ రేకు అది, అంటే సరుకు లేని వ్యాగన్ల వరస. బరువు లేని వ్యాగన్లు గలగలలాడుతూ పోతాయి, ఒక్కోటీ ఒక్కో స్వరంతో. మధ్యలో ఎక్కడో ఒక వ్యాగన్ దగ్గర మాత్రం 'దబ్ దబ్ దబ్' అని ఆగకుండా మోత. చక్రం మీద ఓ చోట చదును పడిందని చెప్పారాయన. బ్రేకు గట్టిగా పట్టేసినప్పుడు చక్రం తిరగకుండా పట్టా మీద జారితే, రాసుకున్న చోట అరిగిపోతుంది. ఆపైన ప్రతి చుట్టుకీ ఆ చదును పట్టాని కొడుతూనే ఉంటుంది. "వచ్చే స్టేషన్లో ఎవరో ఒకరు చెవి పెట్టి వినాలి దాన్ని" అని, చివరి పెట్టె దాటేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు ఊపిరి వదిలారు.

ఎందుకలా నిలబడ్డారని అడిగితే ఆయన చెప్పిన జవాబే ఈ వ్యాసానికి పునాది. రైల్వే లెక్కలో బండి ఇంజన్‌తో రాదు. చివరి వాహనంతో వస్తుంది. స్టేషన్లో నిలబడ్డవాడు ఇంజన్ దాటిందని పక్క స్టేషన్‌కి కబురు చెప్పడు. చివరి పెట్టె మీద బోర్డు గానీ ఎర్ర దీపం గానీ కళ్లారా చూశాకే 'బండి పూర్తిగా వచ్చింది' అంటాడు. అప్పటిదాకా ఆ రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లోకి ఇంకో బండిని రానివ్వరు. ఆ గుర్తు కనబడకపోతే, మధ్యలో వ్యాగన్లను కలిపే కప్లింగ్ తెగి సగం బండి వెనక లైను మీదే ఉండిపోయిందేమోనని అనుమానించాల్సిందే.

అనుమానం ఎందుకంటే, దానికి చరిత్రలో రక్తం ఉంది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర ఒక విహారయాత్ర బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. గూడ్సు కాదు, పిల్లలతో నిండిన ప్యాసింజర్ బండి. ముందు సగాన్ని పైకి తీసుకెళ్లి, మళ్లీ వచ్చి మిగతాది తీసుకెళదామని బండిని విడదీశారు. అప్పటి ఆ బ్రేకు, బండి విడిపోతే పని చేయని రకం. వెనక సగం వాలులో జారి, వెనకే వస్తున్న బండిని ఢీకొంది. 80 మంది దాకా చనిపోయారు. బండి తెగితే తనంతట తానే పట్టే బ్రేకు ప్యాసింజర్ బండ్లకు ఉండి తీరాలనీ, ఒక సెక్షన్‌లో ఒకే బండి ఉండాలనీ బ్రిటన్‌లో అదే ఏడాది చట్టం వచ్చింది.

ఆ బ్రేకు సూత్రాన్ని అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1870ల మొదట్లోనే తయారుచేశాడు. బండి పొడుగునా ఒక గొట్టం, అందులో గాలి ఒత్తిడి. ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి. ఒత్తిడి పడిపోతే, డ్రైవరు తగ్గించినా, గొట్టం తెగినా, ప్రతి వ్యాగనూ తన దగ్గర దాచుకున్న గాలితో తానే బ్రేకు వేసుకుంటుంది. మావయ్య దీన్ని కంపెనీ పేర్లతో చెప్పలేదు. "నా పెట్టెలో ఓ గేజ్ ఉండేది. ముందు డ్రైవరు గాలి తగ్గిస్తే నా దగ్గర ముల్లు పడాలి. ఇక్కడ పడితేనే బండి ఒకటే బండి. పడకపోతే అది ఇనప పెట్టెల వరస" అన్నారు. ఇంతకంటే బాగా చెప్పిన వాక్యాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఎండ ఎక్కాక బరువు బండి వచ్చింది. రోజంతా మేం వెంటాడినది దీన్నే.

అది కనబడకముందే వినబడింది. ముందు రెండు ఇంజన్లు, వెనక 58 బొగ్గు వ్యాగన్లు, దాని వెనక బ్రేక్ వ్యాను. నడక కంటే నాలుగైదు రెట్లు వేగం, అంతే. అక్కడ లైను ప్రతి నూట యాభై అడుగులకూ ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. చూడ్డానికి చదునులాగే ఉంటుంది. కానీ సుమారు 5 వేల టన్నుల బండికి ఆ కాస్త వాలే 33 టన్నుల బలంతో వెనక్కి లాగుతూ ఉంటుంది. చక్రానికీ పట్టాకీ మధ్య తాకిడి ఉండేది గోరంత చోటులో. ఆ గోరంత ఉక్కు మీద జారకుండా ఉండటానికి ఇంజన్ చక్రాల ముందు ఇసక చల్లుతున్నారు. సన్నని ధార, ఎండలో మెరుస్తూ. ఇసక పట్టా మీద నలిగే చప్పుడు ఇంజన్ హోరు కింద విడిగా వినిపించింది.

ఈసారి చెయ్యి దించలేదు. ఇంజన్లు దాటిపోయాయి, నేను వ్యాగన్ల మీదే ఉన్నాను. వ్యూఫైండర్‌లోంచి నిమిషంన్నర పాటు ఒక బండి మొత్తాన్ని చూడటం నాకు అదే మొదటిసారి. పదకొండేళ్లలో! ఖాళీ రేకుకీ దీనికీ తేడా స్ప్రింగుల్లో ఉంది. ఖాళీ వ్యాగన్ కింద స్ప్రింగు చుట్లు విడివిడిగా, పైకి లేచి నిలబడతాయి. బరువు వ్యాగన్ కింద అవి చుట్టు మీద చుట్టు పడి అణిగిపోయి ఉంటాయి. పైన ఏముందో చూడక్కర్లేదు, ఆ చుట్ల మధ్య సందు చూస్తే చాలు. వ్యాగన్ పక్కన 'ఖాళీ, లోడు' అని చిన్న పిడి ఒకటి ఉంటుంది, బరువును బట్టి బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో మార్చడానికి. తుప్పు పట్టిన తలుపు మీద సుద్దముక్కతో ఎవరో రాసిన అంకెలు. ఒక వ్యాగన్ అంచున, బొగ్గు ధూళిలోనే మొలిచిన గడ్డిపోచ. ఇవన్నీ నా ముందు నుంచి ఇన్నేళ్లూ పోతూనే ఉన్నాయి.

వెంటాడటం గురించి ఓ మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఒకే రోజు ఒకే చోట కూర్చుని వచ్చిన ప్రతి బండినీ తీయవచ్చు. ఒకే బండిని పట్టుకుని నాలుగు చోట్ల తీయవచ్చు. నేను రెండోదాని పక్షం. ఎక్కుడులో రొప్పిన బండి దిగుడులో ఎలా ఉంటుందో, ఎండలో తీసిన వ్యాగన్ నీడలో ఏ రంగులోకి మారుతుందో అలా అయితేనే తెలుస్తుంది. కానీ వెంటాడటమంటే రోడ్డు మీద పందెం వేయడం కాదు. బండి దాటిపోతే దాటిపోనీయాలి. వేగం పెంచి ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం మీదికి తెచ్చి, మూసేస్తున్న గేటు కింద దూరి, పట్టాల మధ్య నిలబడి తీసిన ఫోటో ఎంత గొప్పదైనా నేను దాన్ని చూడను, పంచుకోను. బ్రేకు వేశాక బరువు బండి ఆగడానికి కిలోమీటరు పైనే పట్టొచ్చు. ఎదురుగా మనిషి కనబడ్డాక డ్రైవరు చేయగలిగేది హారన్ కొట్టడం, కళ్లు మూసుకోవడం. ఆ క్షణాన్ని ఆయన జీవితాంతం మోస్తాడు. మావయ్య తన సర్వీసులో అలా మోసిన రెండు సంఘటనల గురించి చెప్పి, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నిజానికి పరుగు అక్కర్లేదు కూడా. ఒంటి లైను మీద గూడ్సు బండికి ఓపికే ఎక్కువ పని. తర్వాతి స్టేషన్‌కి మేం తాపీగా చేరేసరికి మా బండి లూపులో, అంటే పక్క లైనులో, నిలబడి ఉంది, ఎదురుగా వచ్చే బండికి దారి ఇచ్చి. రెండు గంటలకు పైగా అక్కడే.

ఆ రెండు గంటలూ రోజంతటిలోకీ గొప్పవి. ప్లాట్‌ఫారం కొసన, అనుమతి అడిగి నిలబడ్డాం. ఆగిన బండి మాట్లాడుతూనే ఉంటుంది. ఎక్కడో గాలి సన్నగా కారుతూ ఈల వేస్తుంది. ఎండకు వేడెక్కిన రేకు 'టంగ్' మంటుంది. ఒక కప్లింగ్‌ని దగ్గర నుంచి తీశాను. ఒకదానికొకటి చేతివేళ్లు ముడేసినట్టుండే ఈ రకం కప్లింగ్‌కి 1873లో అమెరికాలో ఎలై జానీ పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు గొలుసు లింకులోకి మేకు దింపడానికి మనిషి రెండు వ్యాగన్ల మధ్య నిలబడాల్సి వచ్చేది, వేళ్లు, చేతులు, ఒక్కోసారి ప్రాణమే పోయేది. 1893లో అక్కడ చట్టమే తెచ్చి ఆ పాత పద్ధతిని మాన్పించారు. నా ఫోటోలో ఉన్నది జిడ్డూ దుమ్మూ పట్టిన ఇనప పిడికిలి. ఎన్ని వేళ్లను కాపాడిన పిడికిలో అనుకుంటూ తీశాను.

ఎదురుబండి కంటెయినర్ల రేకు. దాని దగ్గర నేను వేరే ఆట ఆడతాను. ప్రతి కంటెయినర్ మీదా నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ముందు మూడు అక్షరాలు యజమానికి గుర్తు. చివరి అంకె మిగతావన్నీ సరిగ్గా రాశారో లేదో లెక్కగట్టి చూసుకోవడానికి పెట్టినది. 1956లో మాల్కం మెక్‌లీన్ 58 పెట్టెలతో ఒక ఓడను నడిపించిన నాటి నుంచి మొదలైన కథ ఇది. ఓడలో, లారీ మీద, రైలు మీద ఒకే పెట్టె. పక్కపక్కన పోతున్న రెండు పెట్టెలు ఏ రెండు సముద్రాలు దాటి వచ్చాయో, ఇవే రెండు మళ్లీ ఎన్నడైనా పక్కపక్కన కూర్చుంటాయో లేదో. ఇక్కడే నా వాదనకు అసలు బలం ఉంది. ఇంజన్‌కి నంబరు ఉంటుంది, షెడ్డు ఉంటుంది, అది ఎప్పుడు తయారైందో ఎప్పుడు తుక్కుకి పోయిందో రాసుకునే అభిమానులు ఉంటారు. బండి అలా కాదు. ఈ వ్యాగన్లు ఈ వరసలో, ఈ సరుకుతో, ఈ మధ్యాహ్నం ఇలా నిలబడటం ఒక్కసారే జరుగుతుంది. యార్డుకి చేరాక ఎటు వాటివి అటు విడిపోవచ్చు. దానికి ఫోటో లేకపోతే ఎవరి కళ్లలోనూ దాని రూపం మిగలదు.

దీనికి నా మిత్రుల అభ్యంతరం తెలుసు. ముఖం లేకుండా బొమ్మ ఏమిటి, ఇంజనే కదా బండికి ముఖం, చూసేవాడి కన్ను మొదట పడేది దాని మీదే కదా అంటారు. నిజమే. నేను కూడా ఇంజన్‌ని తీయడం మానలేదు, మానను. పొద్దుటి వాలు వెలుతురులో ఇంజన్ ముక్కు మీద మెరుపు చూస్తే ఇప్పటికీ గుండె కొట్టుకుంటుంది. నేనంటున్నది ముఖంతోనే ఆగిపోకూడదని.

ఓ. విన్‌స్టన్ లింక్ పేరు రైళ్ల ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలుసు. 1955 నుంచి 1960 దాకా, అమెరికాలో నార్ఫక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆవిరి ఇంజన్లు చివరి రోజుల్లో ఉన్నప్పుడు, రాత్రిపూట వరసగా ఫ్లాష్ బల్బులు అమర్చి ఆయన వాటిని తీశాడు. ఆవిరి ఇంజన్లంటే ఆయనకు ప్రాణం. అయినా ఆయన ఫోటోల్లో వాగులో ఈతకొట్టే పిల్లలుంటారు, రైల్వే కూలీలుంటారు, ఆరుబయట కార్లలో కూర్చుని సినిమా చూస్తున్న జనం వెనక నుంచి గూడ్సు బండి పోతుంటుంది. అందుకే ఆ ఇంజన్లు పోయినా ఆ ఫోటోలు పాతబడలేదు. ఆ ఇంజన్ ఎవరి మధ్య నుంచి పోయిందో వాటిలో ఉంది.

ఇంకో వైపు నుంచి చూడండి. 2001 జూన్ 21న పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బరాలో 682 వ్యాగన్ల ఇనప ఖనిజం బండి నడిచింది. పొడవు 7 కిలోమీటర్లకు పైనే. ఎనిమిది ఇంజన్లను బండి పొడుగునా అక్కడక్కడ పెట్టారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో అది మన ముందు నుంచి పోతే దాటడానికి దాదాపు తొమ్మిది నిమిషాలు. ఇంజన్ దాటగానే కెమెరా దించేసేవాడు ఆ తొమ్మిది నిమిషాల్లో ఏడెనిమిది సెకన్లు మాత్రమే చూసినట్టు. మామూలు బండి దగ్గరా మనం చేస్తున్నది అదే.

సాయంత్రం దగ్గరపడుతుండగా లూపు సిగ్నల్ పడింది. ఇంజన్లు కదిలాయి. మావయ్య నా భుజం పట్టుకుని "విను" అన్నారు. ఒక్కో కప్లింగ్‌లో కొద్ది సెంటీమీటర్ల వదులు ఉంటుంది. ఆ వదులు ఒకదాని తర్వాత ఒకటి బిగుస్తూ, ముందు నుంచి వెనక్కి, టక టక టకమని ఓ చప్పుడు బండి పొడుగునా పరిగెత్తి మమ్మల్ని దాటిపోయింది. "ఇంజన్ కదిలాక కాసేపటికి గానీ నాకు తెలిసేది కాదురా. ఆ చప్పుడు దగ్గరకొచ్చే లోపల కడ్డీ పట్టుకోవాలి. పట్టుకోకపోతే గోడకి కొడుతుంది" అన్నారు. ఆయన కుడిచెయ్యి ఆ మాట అంటూనే గాల్లో దేన్నో పట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకునే చోటు ఇక ఎన్నాళ్లో ఉండదు. అమెరికాలో 1980లలోనే బండి చివర ఉండే కబూస్‌లు, అంటే అక్కడి గార్డు పెట్టెలు, పోయి, చివరి కప్లింగ్‌కి తగిలించే చిన్న పరికరం వచ్చింది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ, గొట్టంలో గాలి ఒత్తిడి ఎంతుందో రేడియోలో ఇంజన్‌కి చెబుతుంది. పట్టాల పక్కన ఇరుసులు లెక్కపెట్టే యంత్రాలు సెక్షన్‌లోకి వెళ్లినవీ బయటికొచ్చినవీ సరిపోయాయో లేదో చూసుకుంటాయి. మనిషి చేసిన పనిని యంత్రం సరిగ్గానే చేస్తోంది, దానితో నాకు పేచీ లేదు. ఆ పని చేసిన మనిషి కూర్చున్న పెట్టె రూపం పోకముందే దాన్ని తీసి పెట్టాలి. రేపు ఒకరు ఆ వరండా కడ్డీ ఎంత ఎత్తులో ఉండేదో, పక్క దీపం ఎక్కడ వేలాడేదో తెలుసుకోవాలంటే మన దగ్గర ఇంజన్ ముక్కులు తప్ప ఇంకేమైనా ఉండాలి.

బండి వెంట వెళ్లేవాడికి మొదట కనబడేది ఎప్పుడూ తోకే. ఆ సంగతి ఆ సాయంత్రం కారు నడుపుతుంటే తట్టింది. ఇన్నేళ్లూ తోకను చూసి, దాన్ని దాటేసి, ముందుకెళ్లి ఇంజన్ కోసం నిలబడ్డాను.

ఈసారీ దాటాను గానీ ఇంజన్ కోసం కాదు, తోక కోసమే. రోడ్డు వంతెన ఎక్కి, లైను తిన్నగా పోయే వైపుకి తిరిగి నిలబడ్డాం. పొద్దు వాలిపోతోంది. షట్టర్‌ని సెకనులో అరవయ్యో వంతుకి తగ్గించుకున్నాను. ఇంజన్లు మా కాళ్ల కింది నుంచి వెళ్లాయి, వంతెన సన్నగా వణికింది. బొగ్గు గుట్టలు ఒకదాని వెనక ఒకటి. మావయ్య పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. నేను ఆపకుండా చూస్తున్నాను. చివరగా బ్రేక్ వ్యాను కిందికి దూరి, అటుపక్క బయటికొచ్చింది. వెనక వరండాలో గార్డు నిలబడి ఉన్నాడు, పాతికేళ్ల కుర్రాడు. పైకి చూశాడు. మావయ్య చెయ్యి పైకి లేచింది. ఆ కుర్రాడి చెయ్యీ లేచింది. అప్పుడు నొక్కాను.

ఫోటోలో కుర్రాడి చెయ్యి కాస్త చెదిరింది. ఎర్ర దీపం మాత్రం స్పష్టంగా వచ్చింది, దాని కింద బోర్డూ. ప్రింటు వేయించి ఇస్తే మావయ్య కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని తిరగేసి, పెన్ను అడిగి తీసుకుని, తన జర్నల్‌లో రాసుకునే పద్ధతిలోనే వెనక రాశారు.

17:52. 58+1. బండి పూర్తి.